హై పవర్ రాకెట్ నిర్మాణం

హై పవర్ రాకెట్ అనగా అభిరుచి కోసం, విద్య కోసం నిర్మించి ఎగురవేసే నమూనా రాకెట్లలో పెద్ద తరగతికి చెందినది. సాధారణ నమూనా రాకెట్టును అట్ట గొట్టం, బాల్సా చెక్క, తెల్ల జిగురుతో తయారు చేయవచ్చు. హై పవర్ రాకెట్టుకు ఇవి చాలవు. దీని మోటారు అనేక రెట్లు శక్తివంతమైనది. వేగం కొన్ని సందర్భాలలో ధ్వని వేగాన్ని మించుతుంది. అందువలన గొట్టం, రెక్కలు, మోటారు గూడు, పారాచూట్ తాడు అన్నింటినీ ప్రత్యేకంగా బలపరచవలసి ఉంటుంది. అయితే బలం పెంచడానికి చేర్చే ప్రతి పదార్థమూ బరువును పెంచుతుంది, బరువు తోక వైపు చేరితే రాకెట్టు స్థిరత్వం తగ్గుతుంది. కనుక బలాలు ఏ మార్గంలో ప్రసరిస్తాయో తెలుసుకొని, ఆ మార్గంలో మాత్రమే బలపరచడం ఈ నిర్మాణంలో మూల సూత్రం.

వర్గీకరణ

రాకెట్ మోటార్లను వాటి మొత్తం ప్రచోదనాన్ని బట్టి ఇంగ్లీషు అక్షరాలతో వర్గీకరిస్తారు. మోటారు ఇచ్చే సగటు థ్రస్టును (వెనుక నుండి తోసే బలాన్ని) అది మండే కాలంతో గుణిస్తే మొత్తం ప్రచోదనం వస్తుంది. దీని ప్రమాణం న్యూటన్-సెకను. ఒక్కొక్క అక్షరం ముందరి అక్షరానికి రెట్టింపు గరిష్ఠ పరిమితిని సూచిస్తుంది. జి తరగతి వరకు ఉన్నవి నమూనా రాకెట్ మోటార్లు. ఆపైన ఉన్నవి హై పవర్ మోటార్లు.

* హెచ్ - 160 నుండి 320 న్యూటన్-సెకన్లు
* ఐ - 320 నుండి 640
* జె - 640 నుండి 1,280
* కె - 1,280 నుండి 2,560
* ఎల్ - 2,560 నుండి 5,120
* ఎం - 5,120 నుండి 10,240
* ఎన్ - 10,240 నుండి 20,480
* ఓ - 20,480 నుండి 40,960

మోటారు పేరులో అక్షరం తరువాత వచ్చే సంఖ్య సగటు థ్రస్టును న్యూటన్లలో తెలుపుతుంది. ఉదాహరణకు ఐ200 అనగా ఐ తరగతికి చెందిన, సగటున 200 న్యూటన్ల థ్రస్టు ఇచ్చే మోటారు. అమెరికాలో 125 గ్రాముల కంటే ఎక్కువ చోదక పదార్థం ఉన్న, లేదా ప్రయోగ సమయంలో 1,500 గ్రాముల కంటే ఎక్కువ బరువున్న రాకెట్టును కూడా నమూనా రాకెట్ల పరిధి దాటినదిగానే పరిగణిస్తారు.

ఈ మోటార్లను కొనడానికి అర్హత పత్రం అవసరం. అమెరికాలో దీనికి మూడు అంచెలు ఉన్నాయి. మొదటి అంచెలో హెచ్, ఐ తరగతులు, రెండవ అంచెలో జె, కె, ఎల్, మూడవ అంచెలో ఎం, ఆపై తరగతులు వస్తాయి. ప్రతి అంచెలోనూ అభ్యర్థి తాను స్వయంగా నిర్మించిన రాకెట్టును ఎగురవేసి, మరల ఎగురగల స్థితిలో క్షేమంగా దింపి చూపాలి. రెండవ అంచెకు రాతపరీక్ష కూడా ఉంటుంది. మూడవ అంచెలో రాకెట్టు రూపకల్పనను అనుభవజ్ఞులు ముందుగానే పరిశీలిస్తారు.

చరిత్ర

నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్ఫోక్ పట్టణంలో చెప్పుల దుకాణం నడిపిన ఓర్విల్ కార్లైల్ 1954లో తొలి ఆధునిక నమూనా రాకెట్టును తయారు చేశాడు. ఇంజనీరు, రచయిత జి.హారీ స్టైన్ దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. 1957లో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ ఏర్పడింది. ఇంట్లో లోహపు గొట్టాలలో మందు కూరి గాయపడుతున్న యువకులకు సురక్షితమైన మార్గం చూపడం ఈ ఉద్యమ లక్ష్యం. అందుకే కర్మాగారంలో తయారైన మోటారు, తేలికైన దేహం అనే రెండు నియమాలు మొదటి నుండీ ఉన్నాయి.

తుపాకీమందు మోటార్ల స్థానంలో అమ్మోనియం పెర్క్లోరేట్ మిశ్రమ చోదకం అభిరుచి రంగంలోకి వచ్చిన తరువాత పెద్ద రాకెట్లు సాధ్యమయ్యాయి. 1964లో పెన్సిల్వేనియాలో ఒక విజ్ఞాన సంఘంగా మొదలైన ట్రిపోలీ, 1980లలో హై పవర్ రాకెట్ల జాతీయ సంస్థగా మారింది. ఎల్.డి.ఆర్.ఎస్. అనే వార్షిక ప్రయోగోత్సవం మొదటిసారి 1982లో ఒహాయో రాష్ట్రంలోని మెడీనాలో జరిగింది. ఈ మిశ్రమ చోదకాన్ని ప్రేలుడు పదార్థంగా పరిగణించడంపై రెండు సంస్థలూ ప్రభుత్వంతో సుదీర్ఘంగా న్యాయపోరాటం చేశాయి. 2009 మార్చిలో న్యాయస్థానం వారికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది.

రాకెట్టుపై పనిచేసే బలాలు

ఏ భాగాన్ని ఎంత బలపరచాలో నిర్ణయించడానికి ముందు దానిపై ఏ బలం పనిచేస్తుందో తెలియాలి. ముఖ్యమైనవి నాలుగు.

థ్రస్టు: 3 కిలోల రాకెట్టును 600 న్యూటన్ల మోటారు తోస్తే త్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 19 రెట్లు ఉంటుంది. అంటే ముక్కులో ఉంచిన 200 గ్రాముల పరికరం ఆ క్షణంలో దాదాపు 4 కిలోల బరువుతో కిందికి నొక్కుతుంది.

గాలి పీడనం: ఇది వేగవర్గానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. సముద్రమట్టం వద్ద సెకనుకు 100 మీటర్ల వేగంలో చలన పీడనం చదరపు మీటరుకు సుమారు 6,100 న్యూటన్లు. ధ్వని వేగంలో అది సుమారు 70,000 న్యూటన్లు. వేగం మూడున్నర రెట్లు పెరిగితే పీడనం పన్నెండు రెట్లకు చేరువ అవుతుందన్నమాట.

పార్శ్వబలం: రాకెట్టు గాలికి కొద్దిగా ఏటవాలుగా తిరిగినప్పుడు రెక్కలపై పక్కకు నెట్టే బలం ఏర్పడుతుంది. 150 చదరపు సెంటీమీటర్ల రెక్క ధ్వని వేగానికి సమీపంలో 5 డిగ్రీలు వాలితే దానిపై 25 నుండి 30 కిలోల బరువుకు సమానమైన బలం పడవచ్చు. ఈ బలమంతా రెక్క మొదలులో ఉన్న సన్నని అతుకు మోయాలి.

పారాచూట్ కుదుపు: పారాచూట్ విచ్చుకున్నప్పుడు తాడుపై, దాని కొక్కేలపై క్షణకాలం పెద్ద లాగుడు పడుతుంది. పారాచూట్ ఆలస్యంగా, అంటే రాకెట్టు మరల వేగం పుంజుకున్న తరువాత తెరుచుకుంటే ఈ కుదుపు అనేక రెట్లు పెరుగుతుంది.

దేహనాళం

దేహానికి వాడే గొట్టాలు పలు రకాలు. క్రాఫ్ట్ కాగితపు గొట్టం చౌకైనది, తేలికైనది. తేమకు, నేలను తాకే దెబ్బకు తట్టుకోదు. ఫినాలిక్ గొట్టం గట్టిది కాని పెళుసు. దెబ్బ తగిలితే పగులుతుంది. వల్కనైజ్డ్ ఫైబర్ గొట్టం పగలకుండా దెబ్బను ఓర్చుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ గొట్టం చాలా బలమైనది, బరువైనది. కార్బన్ ఫైబర్ గొట్టం బరువుతో పోలిస్తే అన్నిటికంటే దృఢమైనది, ఖరీదైనది. కార్బన్ ఫైబర్ రేడియో తరంగాలను అడ్డుకుంటుంది కనుక, దేహం కార్బన్‌తో చేసినా జాడ తెలిపే ట్రాన్స్‌మిటరును ఉంచే ముక్కు భాగాన్ని ఫైబర్‌గ్లాస్‌తోనే చేస్తారు.

భద్రతా నియమావళి ప్రకారం కాగితం, కొయ్య, రబ్బరు, ప్లాస్టిక్, ఫైబర్‌గ్లాస్ వంటి తేలికైన పదార్థాలనే వాడాలి. తప్పనిసరి అయినచోట మాత్రమే సాగే గుణం గల లోహాన్ని అనుమతిస్తారు. రాకెట్టు అదుపు తప్పి పడినప్పుడు, లేదా మోటారు పగిలినప్పుడు లోహపు ముక్కలు మనుషులకు ఎక్కువ ప్రమాదం కలిగించడం దీనికి కారణం.

మోటారు గూడు

మోటారును పట్టి ఉంచే లోపలి గొట్టాన్ని మోటారు గూడు అనవచ్చు. హై పవర్ మోటార్ల వ్యాసాలు సాధారణంగా 29, 38, 54, 75, 98 మిల్లీమీటర్లు. ఈ గొట్టాన్ని దేహం మధ్యలో నిలిపేందుకు సెంటరింగ్ రింగులనే వలయాలను ప్లైవుడ్‌తో గాని, ఫైబర్‌గ్లాస్ పలకతో గాని కోసి అతికిస్తారు. మోటారు వెనుక అంచు గూటి అంచుపై ఆని తోస్తుంది. అక్కడి నుండి బలం వలయాల ద్వారా, రెక్కల మొదళ్ళ ద్వారా దేహానికి చేరుతుంది. కనుక వలయానికి రెండు వైపులా ఎపాక్సీ పూయాలి. మోటారు వెనుకకు జారిపోకుండా మరలతో బిగించే మూత గాని, బిగింపు పట్టీలు గాని వాడతారు. పారాచూట్‌ను బయటకు నెట్టే చిన్న ప్రేలుడు ఒక్కొక్కసారి పారాచూట్‌కు బదులు మోటారునే వెనుకకు నెట్టివేస్తుంది. అలా జరిగితే రాకెట్టు పారాచూట్ లేకుండా నేలకూలుతుంది.

రెక్కలు, అతుకులు

చిన్న రాకెట్లలో రెక్కను గొట్టం పైభాగాన నేరుగా అతికిస్తారు. హై పవర్ రాకెట్లలో దేహానికి నిలువు గాడి కోసి, రెక్కకు ఉన్న నాలుక వంటి భాగాన్ని లోపలి మోటారు గూటి వరకు పోనిస్తారు. ఈ పద్ధతిలో ఒక్కొక్క రెక్కకు ఇరువైపులా మూడేసి చోట్ల, అంటే మోటారు గూటి వద్ద, దేహం లోపలి గోడ వద్ద, బయటి గోడ వద్ద అతుకులు పడతాయి. రెక్కపై పడే వంపు బలం ఒకే అతుకుపై కాక ఈ అతుకులన్నిటిపై పంపిణీ అవుతుంది.

మూలలలో జిగురును గుండ్రంగా నింపడాన్ని ఫిల్లెట్ అంటారు. పదునైన మూలలో ఒత్తిడి ఒక్కచోట కేంద్రీకృతమై పగులు మొదలవుతుంది. గుండ్రని ఫిల్లెట్ దానిని విశాలంగా పంచుతుంది. జారిపోకుండా ఉండేందుకు ఎపాక్సీలో సిలికా పొడిని, బలం కోసం పొడి చేసిన గాజు పోగులను కలుపుతారు. తేలికగా ఉండే గాజు బుడగల పొడి నునుపు చేయడానికి పనికివస్తుంది గాని బలానికి పనికిరాదు.

జిగురు ఎంత మంచిదైనా ఉపరితలం సిద్ధం కాకపోతే అతుకు నిలువదు. గొట్టాన్ని, రెక్కను ముతక ఉప్పు కాగితంతో మెరుపు పోయే వరకు రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, ఆరిన తరువాతనే జిగురు వేయాలి. విరిగిన రెక్క మొదలులో జిగురు శుభ్రంగా ఊడివచ్చి గొట్టం నునుపుగా కనిపిస్తే తప్పు ఉపరితలానిది. గొట్టం పొర కూడా చినిగి జిగురుతో వస్తే అతుకు తన పని తాను చేసినట్లే. అయిదు నిమిషాలలో గట్టిపడే ఎపాక్సీని తాత్కాలికంగా నిలపడానికి మాత్రమే వాడి, బలం అవసరమైన చోట నెమ్మదిగా గట్టిపడే రకాన్ని వాడడం మంచిది. సాధారణ ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది కనుక మోటారుకు ఆనుకొని ఉన్న అతుకులకు వేడిని తట్టుకునే రకం ఎంచుకుంటారు.

ఫైబర్‌గ్లాస్ పూత

కాగితపు గొట్టాన్ని బలపరచడానికి ప్రధాన పద్ధతి గాజు వస్త్రం చుట్టడం. దీని దశలు ఇవి.

1. గొట్టంపై ఉన్న మెరుపు కాగితపు పొరను రుద్ది తీసివేయాలి. దీనిని వదిలేస్తే గాజు వస్త్రం ఆ పొరకు మాత్రమే అంటుకొని, తరువాత పొరతో సహా ఊడిపోతుంది.
2. చదరపు మీటరుకు సుమారు 200 గ్రాములుండే వస్త్రాన్ని కొలతకు కత్తిరించాలి.
3. గొట్టానికి పలుచగా ఎపాక్సీ పూసి, వస్త్రాన్ని ముడుతలు, గాలి బుడగలు లేకుండా చుట్టాలి.
4. అదనపు ఎపాక్సీని గీకి తీయాలి. బలమిచ్చేది ప్రధానంగా గాజు పోగులే. పోగులను తడపడానికి మించిన జిగురు బరువు మాత్రమే పెంచుతుంది.
5. పైన అంటుకోని నైలాన్ వస్త్రాన్ని చుట్టి, గట్టిపడిన తరువాత ఊడదీయాలి. దీనివలన ఉపరితలం సమంగా వస్తుంది.

రెక్కలకు వాడే మరొక పద్ధతిలో ఒక రెక్క కొన నుండి మొదలుపెట్టి, ఫిల్లెట్ మీదుగా, గొట్టం మీదుగా పక్క రెక్క కొన వరకు ఒకే వస్త్రాన్ని పరుస్తారు. అప్పుడు రెక్కలు, దేహం ఒకే చిప్పలా పనిచేస్తాయి. ధ్వని వేగాన్ని మించే రాకెట్లలో ఇది తరచుగా కనిపిస్తుంది.

గాజు ధూళి ఊపిరితిత్తులకు, ఎపాక్సీ చర్మానికి హానికరం. రుద్దేటప్పుడు ముఖానికి శ్వాస మాస్కు, కళ్ళద్దాలు, జిగురు కలిపేటప్పుడు చేతితొడుగులు తప్పనిసరి.

రెక్కల కంపనం

రెక్కలు ఊడిపోవడానికి కారణం ప్రతిసారీ అతుకు బలహీనత కాదు. ఒక పరిమితి దాటిన వేగంలో గాలి ఇచ్చే శక్తి వలన రెక్క మెలిపడుతూ, వంగుతూ తనంత తాను కంపించసాగుతుంది. దీనిని ఫ్లటర్ అంటారు. కంపనం మొదలైన తరువాత సెకనులో స్వల్ప భాగంలోనే రెక్క చీలిపోవచ్చు. ఈ పరిమితి వేగాన్ని అంచనా వేయడానికి అభిరుచి నిర్మాతలు వాడే సూత్రానికి ఆధారం 1958లో అమెరికా విమానయాన పరిశోధన సంస్థ నాకా ప్రచురించిన ఒక సాంకేతిక పత్రం.

ఆ సూత్రం ప్రకారం, ఇతర కొలతలు మారకపోతే పరిమితి వేగం రెక్క మందానికి ఒకటిన్నర ఘాతంతోను, పదార్థపు విరూపణ గుణకానికి వర్గమూలంతోను పెరుగుతుంది. రెక్క మందాన్ని 3 మి.మీ. నుండి 4 మి.మీ.కు పెంచితే పరిమితి వేగం సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. మందం రెట్టింపైతే 2.8 రెట్లు అవుతుంది. అదే మందంలో పదార్థాన్ని రెట్టింపు దృఢమైనదిగా మార్చినా 1.4 రెట్లు మాత్రమే లాభం. రెక్కను దేహం నుండి బయటకు తక్కువగా పొడుచుకు వచ్చేలా గీయడం బరువు పెంచకుండా పరిమితి వేగాన్ని పెంచే మార్గం. అనగా బలపరచడంలో మొదటి అడుగు జిగురు డబ్బాతో కాక గీత పనితోనే మొదలవుతుంది.

బరువు, స్థిరత్వం

రాకెట్టు నిటారుగా ఎగరాలంటే గరిమనాభి పీడన కేంద్రం కంటే ముందు ఉండాలి. వీటి మధ్య దూరం సాధారణంగా దేహ వ్యాసానికి ఒకటి నుండి రెండు రెట్లు ఉండేలా చూస్తారు. పీడన కేంద్రాన్ని లెక్కించే సరళమైన పద్ధతిని 1960లలో నాసా ఇంజనీరు జేమ్స్ బారోమన్ రూపొందించాడు.

తోకను బలపరిస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. 10 సెం.మీ. వ్యాసం, 3 కిలోల బరువు, ఒకటిన్నర వ్యాసాల స్థిరత్వం గల రాకెట్టు ఉన్నదనుకుందాం. గరిమనాభికి 60 సెం.మీ. వెనుక రెక్కల వద్ద 200 గ్రాముల గాజు వస్త్రం, ఎపాక్సీ చేర్చితే గరిమనాభి సుమారు 3.75 సెం.మీ. వెనుకకు జరుగుతుంది. స్థిరత్వం 1.5 నుండి 1.1 వ్యాసాలకు పడిపోతుంది. దీనిని సరిచేయడానికి గరిమనాభి పాత స్థానానికి 90 సెం.మీ. ముందున్న ముక్కులో సుమారు 133 గ్రాముల బరువు ఉంచాలి. తోకలో 200 గ్రాములుగా మొదలైనది మొత్తం మీద 333 గ్రాములయింది. బరువు పెరిగితే పారాచూట్ పెద్దది కావాలి, తాడు లావు కావాలి, ప్రయోగ పట్టాను వీడే వేగం తగ్గుతుంది. ఇది గొలుసులా సాగుతుంది. అందువలన అవసరానికి మించి బలపరచిన రాకెట్టు కొన్నిసార్లు బలహీనమైన రాకెట్టు కంటే ప్రమాదకరం కాగలదు.

భద్రతా నియమావళి ప్రకారం రాకెట్టు బరువు మోటారు సగటు థ్రస్టులో మూడవ వంతును మించరాదు. అనుభవజ్ఞులు అయిదవ వంతును మించకుండా చూసుకుంటారు.

దిగుడు వ్యవస్థ

పెద్ద రాకెట్లలో రెండు పారాచూట్లు వాడతారు. శిఖర ఎత్తులో చిన్న పారాచూట్, నేలకు 150 నుండి 300 మీటర్ల ఎత్తులో పెద్ద పారాచూట్ తెరుచుకుంటాయి. దీనివలన రాకెట్టు గాలికి దూరంగా కొట్టుకుపోదు. గాలి పీడనాన్ని కొలిచే ఎత్తుమాపకం కొద్దిపాటి తుపాకీమందును వెలిగించి భాగాలను విడదీస్తుంది.

తాడును నైలాన్ పట్టీతో గాని, వేడిని తట్టుకునే కెవ్లార్‌తో గాని చేస్తారు. దాని పొడవు రాకెట్టు పొడవుకు మూడు నుండి అయిదు రెట్లు ఉండడం వాడుక. తాడు పొట్టిగా ఉంటే విడిపోయిన భాగాలు వేగం తగ్గకముందే కొస వరకు పోయి గట్టిగా లాగుతాయి. తాడు బిగించే కొక్కెం వంగి తెరుచుకోని రకంగా, అంటే యు-బోల్టుగా గాని, అతుకు వేసిన కన్ను గల బోల్టుగా గాని ఉండాలి. రాకెట్టు వేగంగా పోతున్నప్పుడు పారాచూట్ తెరుచుకుంటే తాడు గొట్టపు అంచును కోస్తూ కిందికి చీల్చుతుంది. దీనిని జిప్పర్ అంటారు. గొట్టపు అంచును బలపరచడం, తాడు అంచును తాకని విధంగా కప్లర్ గొట్టాన్ని కింది భాగానికే స్థిరంగా అతికించడం దీనికి నివారణలు.

పైకి వెళ్ళేకొద్దీ బయటి పీడనం తగ్గి, లోపల చిక్కుకున్న గాలి భాగాలను ముందుగానే విడదీయగలదు. అందుకే దేహానికి చిన్న రంధ్రం పెట్టి, అతుకులకు సన్నని నైలాన్ మరలు బిగిస్తారు. తుపాకీమందు పేలినప్పుడు ఈ మరలు తెగిపోతాయి. మందు సరిపోతుందో లేదో ప్రయోగానికి ముందు నేలపైనే పరీక్షించాలి.

భద్రత

నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ నియమావళి ప్రకారం ఒకే మోటారు గల రాకెట్టుకు ప్రేక్షకులు ఉండవలసిన కనీస దూరం హెచ్, ఐ, జె తరగతులకు 100 అడుగులు, కె తరగతికి 200, ఎల్ తరగతికి 300, ఎం తరగతికి 500 అడుగులు. గాలి వేగం గంటకు 20 మైళ్ళు మించితే ప్రయోగించరాదు. ప్రయోగ పట్టా నిలువు నుండి 20 డిగ్రీలకు మించి వాలరాదు. విమానయాన అధికారుల అనుమతి తప్పనిసరి.

ప్రసిద్ధ రాకెట్లు

* 2004 మే 17న సి.ఎస్.ఎక్స్.టి. బృందం నెవాడా రాష్ట్రంలోని బ్లాక్ రాక్ ఎడారి నుండి ప్రయోగించిన గోఫాస్ట్ రాకెట్టు 100 కి.మీ. ఎత్తును దాటిన తొలి ఔత్సాహిక రాకెట్టు.
* 2009 ఏప్రిల్ 25న స్టీవ్ ఈవ్స్ మేరీలాండ్‌లో సాటర్న్ 5 రాకెట్టుకు పదవ వంతు నమూనాను ఎగురవేశాడు. దాని ఎత్తు 36 అడుగులు, బరువు 1,648 పౌండ్లు. అది 4,441 అడుగుల ఎత్తుకు చేరి, పారాచూట్లతో క్షేమంగా దిగింది.
* 2024 అక్టోబరులో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆఫ్టర్‌షాక్ 2 రాకెట్టు సుమారు 4,70,000 అడుగుల ఎత్తుకు చేరింది.

ఈ మూడూ ఓ తరగతి పరిమితిని మించిన మోటార్లతో ఎగిరినవి.

భారతదేశంలో

భారతదేశంలో రాకెట్ చోదక పదార్థాల తయారీ, నిల్వ, రవాణా 1884 నాటి ప్రేలుడు పదార్థాల చట్టం పరిధిలోకి వస్తాయి. కనుక అమెరికాలో వలె మోటారును కొని పొలంలో ఎగురవేయడం ఇక్కడ సాధ్యం కాదు. విద్యార్థులు సంస్థాగత అనుమతులతోనే ఈ పని చేయాలి. ఇన్-స్పేస్ సంస్థ నిర్వహించిన విద్యార్థుల నమూనా రాకెట్, క్యాన్‌శాట్ పోటీ 2025 అక్టోబరులో ఉత్తర ప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో జరిగింది.

భారత అంతరిక్ష కార్యక్రమం కూడా ఇటువంటి పరిమాణంతోనే ఆరంభమైంది. 1967 నవంబరు 20న తుంబా నుండి ఎగిరిన స్వదేశీ సౌండింగ్ రాకెట్టు ఆర్.హెచ్.-75 వ్యాసం 75 మి.మీ.; నేటి ఒక హై పవర్ మోటారు వ్యాసం కూడా అంతే. శ్రీహరికోట నుండి తొలి ప్రయోగం 1971 అక్టోబరు 9న ఆర్.హెచ్.-125తో జరిగింది. అదే శ్రీహరికోట నుండి 2022 నవంబరు 18న హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ ప్రయోగించిన విక్రమ్-ఎస్ దేహాన్ని కార్బన్ మిశ్రమ పదార్థంతో నిర్మించారు. అభిరుచి నిర్మాత తన గొట్టానికి చుట్టే నార వస్త్రం, ఎపాక్సీ కూడా ఈ మిశ్రమ పదార్థాల కుటుంబానికి చెందినవే.

ఇవి కూడా చూడండి

* రాకెట్
* న్యూటన్ గమన నియమాలు
* పారాచూట్
* సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం